ఆళ్ళగడ్డ శిల్పి ఎడమ చెవి

వైర్ల గురించి నేను మాట్లాడడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంతవరకూ ఎవరూ చివరిదాకా వినలేదు. ఇప్పుడు పత్రికవాళ్ళు వృత్తిలో మరిచిపోలేని సంగతి ఒకటి రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ముందే అడిగి ఉంటే ముందే రాసేవాణ్ణి.

మాది నంద్యాల. క్యాసెట్ల కాలం నుంచి ఇళ్ళలోని స్టీరియో సెట్లు బాగుచేస్తున్నాను. నా షాపు ముందు ఒక బోర్డు ఉంది. "సెట్టు తెచ్చేవారు వైర్లతో సహా తేవలెను" అని రాయించాను. దాన్ని చదివి నవ్వని మనిషి లేడు. ఆంప్లిఫయరును దుప్పట్లో చుట్టి పసిబిడ్డను తెచ్చినట్టు తెస్తారు. వైర్లేవీ అంటే, "వైర్లు బాగుండాయి లేన్నా, ఇంట్లోనే పెట్టొచ్చినా" అంటారు. బాగున్నాయని ఎవరు చెప్పారు? జ్వరమొచ్చిన మనిషిని ఇంట్లో పడుకోబెట్టి, ఆయన చొక్కాను డాక్టరుకు చూపించినట్టు ఉంటుంది.

ఒకసారి మా ఊళ్ళో మెకానిక్కులూ షాపులవాళ్ళూ కలిసి సమావేశం పెట్టుకున్నారు. వైర్ల గురించి, పిన్నుల గురించి కాసేపు మాట్లాడతానని నేను చాలా ముందే చెప్పి ఉంచాను. భోజనాల తర్వాత మాట్లాడుదువుగానీ అన్నారు. భోజనాల తర్వాత లేచి నిలబడేసరికి షామియానావాళ్ళు కుర్చీలు ఎత్తుతున్నారు. అప్పటి మా సంఘం అధ్యక్షుడు, ఊళ్ళో పెద్ద షాపున్న మనిషి, తాంబూలం నములుతూ నా భుజం తట్టాడు. "వైరులో ఏముందప్పా? రెండు కొసలు, నడమ రాగి" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయనకు తెలుసు. ఈ సంగతిలో ఆయన మళ్ళీ వస్తాడు.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, దసరా వెళ్ళిన కొన్నాళ్ళకు ఆళ్ళగడ్డ నుంచి ఒకామె ఫోన్ చేసింది. పేరు కాళమ్మ. భర్త మోనాచారి, రాతి శిల్పి. వాళ్ళింట్లోని స్పీకరు పెట్టెలు చాలా ఏళ్ళ కిందట నేను చేసినవే. వెనక అంటించిన కాగితం మీద నా నంబరు చూసి చేసింది. సెట్టు ఇంక తమకు పనికిరాదని, ఎవరికైనా పనికొస్తే తీసుకుపొమ్మని చెప్పింది.

ఏమైందని అడిగాను.

"సెట్టుకేం కాలేదన్నా. ఈయన చెవే పాయ. ఎడమది" అంది.

ఎవరు చెప్పారంటే, ఆ తాంబూలం మనిషి షాపు పేరు చెప్పింది. ఆంప్లిఫయరునూ సీడీ ప్లేయరునూ రెండుసార్లు బస్సులో నంద్యాలకు తెచ్చి ఆయనకే చూపించారట. నా షాపు బస్టాండుకు అంతకన్నా దగ్గర. బాగుచేయించడానికి ఆ షాపు, మోసుకుపోవడానికి నేను. ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. కానీ ఆమె అన్న ఒక మాట నన్ను ఆపింది. చెవి ఒక్కసారిగా పోలేదట, ఏటికేడు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చిందట. చెవి అలా పోవచ్చు. పిన్ను కూడా అలాగే పోతుంది. మరుసటి రోజు పొద్దున్నే సంచీ తగిలించుకుని బస్సెక్కాను.

శిరివెళ్ళ దాటి ఆళ్ళగడ్డలో దిగేదాకా ఒకటే ఆలోచన. మనిషి చెవికి లోపమొస్తే, స్పీకరు దగ్గర మాత్రమే తెలిసి, మిగతా చోట్ల తెలియకుండా ఉంటుందా?

మోనాచారి ఇంటి ముందు రేకుల పందిరి, దాని కింద సగం చెక్కిన విగ్రహాలు, నేలంతా పిండి చల్లినట్టు రాతిపొడి. నడుమ ఒక పెద్ద నల్లరాయి ఉంది. దాని మీద ఒక్క ఉలి దెబ్బ కూడా లేదు. ఆయన దాని ఎదురుగా పీట మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎడమవైపు నుంచి పోయి పలకరించబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఈ పక్కకు రాప్పా. ఆ పక్క మాట్లాడితే గోడకు చెప్పినట్టే."

కుడివైపుకు వెళ్ళి కూర్చున్నాను. ఆ రాయి గోస్పాడు పక్క ఒక ఊరివాళ్ళది. శివాలయానికి నంది చెక్కమని దించిపోయారు. ఎందుకు మొదలుపెట్టలేదని అడిగితే, ఆయన చిన్న సుత్తి తీసి చూపించాడు. శిల్పి రాయిని చేత్తో చెక్కుతాడు గానీ చెవితో ఎంచుకుంటాడట. కుడిచేత్తో సుత్తి పట్టి మెల్లగా తడుతూ, ఎడమ చెవిని రాతి దగ్గర పెట్టి వినాలి. లోపల పగులు లేకపోతే గంటలా మోగుతుంది, ఉంటే కుండ పెంకులా పలుకుతుంది.

"అది ఇనకుండా మొదలుపెట్టి, చెక్కుకుంటా పోయినాక మూతి కాడ పగిలిందనుకో. దేవుని ముందర కూచునే నందికి మూతి అతికిస్తామా?" అన్నాడు. "చెవి లేనోడు రాయి ముట్టుకోగూడదప్పా. మా నాయన మాట అది. మధ్యానం ఊరోళ్ళు వస్తాండారు. ఒద్దని చెప్పేస్తా. ఇంగ ఎవురన్నా చెక్కినదానికి మెరుగు పెట్టుకుంటా కూచుంటా."

నా పని పాత సెట్టు మోసుకుపోవడం కాదని అప్పుడు అర్థమైంది. ఒక మనిషి తన పని వదిలేసే రోజున నేను ఆ ఇంటికి వచ్చాను. అదీ ఆ షాపాయన అన్న ఒక్క మాట మీద.

డాక్టరుకు చూపించుకున్నారా అంటే తల అడ్డంగా ఊపాడు. నంద్యాలకు పోదామని కాళమ్మ ఎన్నిసార్లు పోరినా కదల్లేదట. చూపిస్తే కాగితం మీద రాసిస్తారు, రాసిస్తే ఇక నిజమైపోతుంది అని ఆయన భయం. అంతలో ఎడమవైపు వంటింట్లోంచి కాళమ్మ, గట్టిగా కూడా కాదు, మామూలు గొంతుతో, వచ్చినాయనకు టీలో చక్కెర వేయాలా అని అడిగింది. ఆయన అటు తిరక్కుండానే, "ఎయ్యి, నడిచి వచ్చినాడు" అన్నాడు.

నేను ఆయన ఎడమ చెవి వంక చూశాను. పెళ్ళాం గొంతు గోడ అవతలి నుంచైనా వినిపిస్తుంది, అది లెక్కలోకి రాదు అనుకుంటాడని ఊరుకున్నాను. సెట్టు ఒకసారి మోగిద్దాం అన్నాను.

లోపలి గదిలో రెండు మూలల్లో నా స్పీకరు పెట్టెలు, నడుమ బల్ల మీద ఆంప్లిఫయరు, సీడీ ప్లేయరు. ఎదురుగా ఒక చెక్క కుర్చీ. అందులో ఆయన తప్ప ఎవరూ కూర్చోరు. నాటక పద్యాలంటే ఆయనకు ప్రాణం. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. స్టీరియో అంటే రెండు వేరువేరు దారుల్లో వచ్చే శబ్దం. ఒక్కో దారిని ఛానల్ అంటాం. ఆయన పెట్టిన సీడీలో హార్మోనియం ఎడమ ఛానల్లో, తబలా కుడి ఛానల్లో ఉన్నాయి. పద్యం పాడే గొంతు రెండింటిలోనూ సమానంగా ఉండడం వల్ల సరిగ్గా నడుమ నుంచి వచ్చినట్టుంటుంది. సమానంగా ఉన్నంతకాలమే ఆ మాయ.

"మొదట్లో హార్మోనియం ఆయప్ప ఆ మూల కూచోనుండె" అని మోనాచారి ఎడమ మూల చూపించాడు. "ఏటికేడు గోడ పక్కకు జరిగినాడు. ఇప్పుడు గోడ అవతలికి పోయినాడు."

నేను ఆ కుర్చీలో కూర్చుని విన్నాను. నాకూ అంతే. తబలా గదిలో ఉంది, హార్మోనియం పక్కింట్లో ఉంది. గొంతు కూడా నడుమ నుంచి కాక కుడికి ఒరిగి వస్తోంది. ఆ మాటే చెప్పాను. ఆయన నమ్మలేదు. నా సంతోషానికి చెప్తాండావు అన్నాడు. షాపాయన సెట్టును పరీక్ష చేసి, రెండు పక్కలా సమానంగా మోగించి చూపించాడట. "సెట్టు బంగారం. నీ చెవే పాయ పెద్దాయనా, రాళ్ళు కొట్టి కొట్టి" అన్నాడట.

అక్కడ ఏ వైర్లతో మోగించాడని అడిగాను. వాళ్ళ షాపులో వైర్లతోనే. ఈ ఇంటి వైర్లు ఈ ఇంట్లోనే ఉండిపోయాయి, రెండుసార్లూ.

నా బోర్డు చూసి నవ్వేవాళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదవాలి.

అయితే ఒక చిక్కు. మోనాచారి పరాయి మాట నమ్మే మనిషి కాదు. ఒక షాపాయన మాట విని చెడిపోయిన మనిషికి ఇంకో షాపాయన మాట మందు కాదు. ఆయన చెవితో ఆయనకే తెలియాలి. మీటరూ స్క్రూడ్రైవరూ అన్నీ సంచీలోనే ఉంచాను. "కుర్చీని తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చోండి" అన్నాను.

"పద్యం పాడేవాళ్ళకు వీపు చూపించాల్నా? మర్యాద గాదప్పా" అన్నాడు.

"సీడీలో ఉన్నవాళ్ళకు కనపడదులే పెద్దాయనా. కూర్చో."

కూర్చున్నాడు. అదే పద్యం మళ్ళీ పెట్టాను. ఇప్పుడు ఎడమ స్పీకరు ఆయన కుడి చెవి వైపుకు వచ్చింది. కాసేపటికి ఆయన చెయ్యి మెల్లగా లేచి కుడి చెవి మీదికి పోయింది.

"ఈ చెవి గూడా పోతాండాదప్పా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. తబలా ఎలా ఉందని అడిగాను. గట్టిగా ఉందన్నాడు. ఏ చెవికి అన్నాను.

"ఈ చెవి..." అని ఎడమ చెవి ముట్టుకుని అక్కడే ఆగిపోయాడు.

పద్యం అయిపోయి ఇంకో పద్యం మొదలైంది. ఆయన లేచి కుర్చీని ఇటు తిప్పి కూర్చున్నాడు. మళ్ళీ అటు తిప్పి కూర్చున్నాడు. ఆ పని ఎన్నిసార్లు చేశాడో నాకు గుర్తులేదు. కాళమ్మ టీ గ్లాసులతో గడప మీద నిలబడి, "ఏందిది, ముసలాయన తిరగలి మాదిరి తిరుగుతాండాడు?" అంది. ఆయన కుర్చీ వదిలి నావైపు తిరిగాడు. "లోపం యాడుందో చూడప్పా" అన్నాడు నాతో.

ఇక నా పని మొదలైంది. చెవి బాగుందని తేలింది సరే, సెట్టులో ఎక్కడ? ముందు స్పీకరు వైర్లు చూశాను. రాతిపొడి ఉన్న ఇల్లు కాబట్టి నా అనుమానమంతా వాటి మీదే. స్పీకరు వెనక స్ప్రింగు కింద నొక్కిపెట్టే రాగిపోగులు పచ్చబారి ఉన్నాయి. వైరు మీది ప్లాస్టిక్కు పాతబడేకొద్దీ ఒక రకం జిడ్డు వదులుతుంది. ఆ జిడ్డు, గాలి, తేమ కలిసి రాగిని పచ్చగా తినేస్తాయి. ఆ పచ్చపొర కరెంటుకు అడ్డు. కొసలు కత్తిరించి, కొత్త రాగి తేల్చి బిగించాను. శబ్దం కొంచెం తేటపడింది గానీ హార్మోనియం మాత్రం గోడ అవతలే ఉంది. నా మొదటి అనుమానం తప్పింది. నిజానికి ముందే తట్టాల్సింది. రెండు వైపులా వైర్లు ఒకే రోజు వేసినవి, ఒకే గాలి, ఒకే దుమ్ము, ఒకే పచ్చదనం. అలాంటప్పుడు ఎడమ వైపే ఎందుకు తగ్గుతుంది?

ఈ ప్రశ్నే నన్ను పట్టుకుంది. కాలం రెండు వైపులా సమానంగా నడుస్తుంది. ఒక వైపే ముసలిదైతే, ఆ వైపు ఎవరో ఏదో చేస్తున్నారన్నమాట.

మా పనిలో దొంగను పట్టే పద్ధతి తారుమారు చేయడం. ఎడమ వైరును కుడికి, కుడి వైరును ఎడమకు మార్చి చూస్తాం. మార్చాక కూడా అదే స్పీకరు నీరసంగా ఉంటే దొంగ స్పీకరు వైపు ఉన్నట్టు, నీరసం రెండో స్పీకరుకు పోతే దొంగ అంతకు ముందే ఎక్కడో ఉన్నట్టు. ముందు ఆంప్లిఫయరు దగ్గర స్పీకరు వైర్లు మార్చాను. హార్మోనియం కుడి స్పీకరులోకి వచ్చింది, అయినా నీరసంగానే. అంటే స్పీకర్లూ వాటి వైర్లూ నిర్దోషులు. ఆంప్లిఫయరూ ప్లేయరూ షాపులో సమానంగానే మోగాయి కాబట్టి, ఇక మిగిలింది సీడీ ప్లేయరు నుంచి ఆంప్లిఫయరుకు వచ్చే సన్న వైర్లు.

వాటి చివర ఉండేదాన్ని ఆర్‌సీఏ పిన్ను అంటారు. నడుమ చిన్న కడ్డీ, చుట్టూ రేకు గాజు, పట్టుకోవడానికి ప్లాస్టిక్కు తొడుగు. తెల్ల తొడుగు ఎడమ ఛానల్‌కు, ఎర్ర తొడుగు కుడి ఛానల్‌కు. అవి దూరే రంధ్రాల చుట్టూ కూడా అవే రంగుల చిన్న బిళ్ళలుంటాయి. ఎర్ర పిన్ను పట్టి లాగితే సులువుగా వచ్చింది. తెల్లది రాలేదు. ఎండిన బురదలో దిగిన చెప్పును లాగినట్టు తిప్పి తిప్పి లాగాల్సి వచ్చింది.

కడ్డీ నల్లబడి, దాని మీద ఎరుపూ గోధుమరంగూ కలిసిన పెచ్చు కట్టింది. అక్కడక్కడ పచ్చదనం. గోటితో గీరి వాసన చూశాను. ఈ పనిలో నేను కాలిన వాసన చూశాను, ఎలుకల వాసన చూశాను. పసుపు వాసన చూడడం అదే మొదలు. టార్చి వేసి రంధ్రంలోకి చూస్తే అక్కడా అదే మట్టి. ఎర్ర పిన్ను వైపు దుమ్ము తప్ప ఏమీ లేదు.

షాపులో సెట్టు ఎందుకు బాగా మోగిందో కూడా అప్పుడే తెలిసింది. వాళ్ళ కొత్త పిన్ను బిగుతుగా దూరి, రంధ్రంలోని మట్టిని గీరుకుంటూ పోయి, లోపలి లోహాన్ని తాకింది. ఇంటికి తెచ్చి పాత పిన్ను పెట్టగానే కథ మొదటికొచ్చింది.

పిన్నును కాళమ్మకు చూపించి ఇదేమిటని అడిగాను. ఆమె దగ్గరగా చూసి, ఏముందిందులో అన్నట్టు చెప్పింది.

"అది బొట్టప్పా. దసరాకు ఆయుధ పూజ చేస్తాం గదా."

శిల్పుల ఇళ్ళలో ఆ రోజు ఉలులూ సుత్తులూ అన్నీ కడిగి వరసగా పేర్చి పసుపు, కుంకుమ పెడతారు. మోనాచారి ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పనిముట్టుకు బొట్టు ఎక్కడపడితే అక్కడ పెట్టరు, దెబ్బ తగిలే చోటే పెట్టాలి. ఉలికైతే తల మీద, సుత్తికైతే ముఖం మీద. పని లోపలికి దూరేది అక్కడి నుంచే కాబట్టి. సెట్టు కొన్న ఏడాది దాన్ని కూడా పూజలో పెట్టారు. దీనికి దెబ్బ తగిలేది ఎక్కడని ఆమె అడిగితే, పాట లోపలికి దూరేది వెనక నుంచని మోనాచారి ఆ రెండు రంధ్రాలూ చూపించాడు. అప్పటినుంచి ప్రతి దసరాకూ ఆమె పిన్నులు లాగి, దుమ్ము తుడిచి, రంధ్రం అంచున తడి పసుపు రాసి, దాని మీద కుంకుమ పెట్టి, మళ్ళీ పిన్ను దూర్చేది. పూజ అయిన వెంటనే పద్యం మోగాలి కాబట్టి బొట్టు ఆరేదాకా ఆగేది కాదు. ఆ తడి ముద్దను పిన్నే లోపలికి నెట్టుకుంటూ పోయేది. తడి పసుపూ, క్షారమున్న కుంకుమా లోహం మీది పూతను ఏటేటా కొంచెం తినేశాయి.

రెండు రంధ్రాలుంటే ఒకదానికే ఎందుకు పెట్టారని అడిగాను. నా చిక్కంతా అక్కడే ఉంది.

"ఒక పనిముట్టుకు ఒక బొట్టు చాలు గదప్పా" అంది. "ఇంగ ఎర్రదానికి ఎర్ర కుంకుమ పెడితే కనపడుతుందా? అందుకని తెల్లదానికి పెడతాండా."

ఎన్నో సెట్లు విప్పాను. లోపానికి ఇంత సరైన కారణం చెప్పిన కస్టమరు ఇంకొకరు లేరు.

కానీ నా చేతిలోని పిన్ను చూస్తూ చూస్తూ ఆమె ముఖం మారింది. మా మధ్య ఒక మాట లేచింది, లేవకుండా ఉండదు. "నువ్వు చర్చికి పోయే మనిషివి గదన్నా. అందుకని బొట్టు ఒద్దంటాండావా?" అని మెల్లగా అడిగింది.

"కాదమ్మా. మా చర్చిలో మైకు పిన్ను తుప్పు పట్టకుండా ఉంటుందని కొబ్బరినూనె పూసేవాళ్ళు. అదీ ఒద్దనే చెప్పినా. వాళ్ళు నీ మాదిరి అడగను గూడా అడగల్యా, నూనె పూస్తానే ఉండారు."

మోనాచారి పెద్దగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయితే ఈయన చెవి పోగొట్టింది నేనేనా?" అంది.

"చెవి పోనే లేదు గదా, పోగొట్టేదానికి" అన్నాడు మోనాచారి. "దెబ్బ తగిలే చోటు చూపించింది నేను. సగం బొట్టు నాది."

పాత పిన్ను కత్తిరించి జేబులో వేసుకుని కొత్తది సోల్డరింగ్ చేశాను. సోల్డరింగ్ అంటే కరిగించిన లోహంతో అతకడం. మెలిపెట్టి వదిలేసిన వైరు ఎప్పటికైనా వదులవుతుంది, సోల్డరింగ్ చేసింది అంత సులువుగా కాదు. ఆంప్లిఫయరు రంధ్రాన్ని స్పిరిటుతో కడిగి, బ్రష్షు వేసి, మీటరు పెట్టి చూసుకున్నాను. ఎర్ర పిన్నుకు ఏ దోషమూ లేకపోయినా దాన్నీ మార్చాను. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే మళ్ళీ ఎడమా కుడీ తగాదా మొదలవుతుంది.

పద్యం పెట్టాను. మోనాచారి కుర్చీలో ముందుకు తిరిగే కూర్చున్నాడు. రాగాలాపన దగ్గర హార్మోనియం ఎడమ మూలలో లేచింది. గొంతు నడుమకు వచ్చి నిలబడింది. ఆయన కళ్ళు మూసుకోలేదు, చప్పట్లు కొట్టలేదు. ఎడమ మూల వంక చూస్తూ, "ఆయప్ప వచ్చినాడు" అన్నాడు. అంతే. పద్యం పూర్తి కాకముందే లేచి, చిన్న సుత్తి తీసుకుని బయటికి నడిచాడు.

గోస్పాడు వైపు నుంచి ముగ్గురు పెద్దమనుషులు అప్పుడే ఆటో దిగుతున్నారు. ఆయన వాళ్ళను పలకరించలేదు, ఆగమని చెయ్యి మాత్రం ఎత్తాడు. నల్లరాయి మీదికి వంగి, ఎడమ చెవి దగ్గర పెట్టి తట్టాడు. జానెడు జరిగాడు, తట్టాడు. అందరం నిలబడిపోయాం. మోగిన ప్రతిసారీ నాకు ఒకే మోత వినిపించింది. శబ్దంతోనే బతికేవాణ్ణి నేను, నాకు ఏ తేడా తెలియలేదు. ఒక మూల దగ్గర ఆయన ఆగాడు. అక్కడే మళ్ళీ మళ్ళీ తట్టి, బొగ్గుతో గీత గీశాడు.

"ఈ మూల పెంకు మాదిరి పలుకుతాంది. దీన్ని తీసేస్తా. ఆ పక్కనుంచి నంది తోక వస్తాది. మిగిలింది గంట" అన్నాడు.

ఊరివాళ్ళు ఎడమ పక్క నుంచే ఏదో అడుగుతున్నా ఆయన ఎవరినీ కుడి పక్కకు రమ్మనలేదు.

తర్వాత నా మాట మీద నంద్యాలకు వచ్చి చెవుల డాక్టరుకు చూపించుకున్నాడు. ఇన్నేళ్ళ సుత్తి మోత వల్ల బాగా సన్నటి శబ్దాలు రెండు చెవులకూ కొంత తగ్గాయని, అది రెండు వైపులా సమానమేనని, ఎడమకు ప్రత్యేకంగా ఏ లోపమూ లేదని ఆ డాక్టరు ఓపికగా చెప్పింది. పని చేసేటప్పుడు చెవుల్లో పెట్టుకోవడానికి మెత్తటి బిరడాలిచ్చింది. రాయిని వినేటప్పుడు మాత్రం ఆయన వాటిని తీసేస్తాడు.

మరుసటి దసరాకు కాళమ్మ మళ్ళీ ఫోన్ చేసింది, బొట్టు ఎక్కడ పెట్టాలని. నేను చెప్పబోయేలోగా వెనక నుంచి మోనాచారి, స్పీకరు పెట్టె చెక్క మీద పెట్టమని, దెబ్బ తగిలేది చివరికి అక్కడే గదా అని అరవడం వినిపించింది. ఇప్పుడు రెండు పెట్టెలకూ రెండు బొట్లు పెడుతున్నారు. కట్టుబాటు సడలిందేమో గానీ సమానం అయింది.

నేను నేర్చుకున్నది చెప్పమంటారు కదా. తెగిన వైరు పెద్ద సమస్య కాదు, అరుస్తుంది, పట్టుకుంటాం. మెల్లగా చెడే పిన్ను అరవదు. రేపటి శబ్దం ఈ రోజు శబ్దంలాగే ఉంటుంది, ఏ రోజుకారోజు తేడా తెలియదు. ఒక్క రోజులో పోతే వస్తువు చెడింది అంటాం. ఏళ్ళ మీద పోతే మనిషి చెడ్డాడు అంటాం. వయసు మీద వేసేస్తాం. ఇంట్లో ఎవరైనా, పాట మునుపటిలా లేదు అంటే, ఆ మనిషి చెవిని అనుమానించే ముందు కుర్చీ తిప్పి కూర్చోమనండి. ఖరీదైన వైర్లు కొనమని నేను ఎప్పుడూ చెప్పలేదు. ఏడాదికొకసారి పిన్నులు లాగి, పొడిగుడ్డతో తుడిచి, బిగుతుగా పెట్టండి చాలు. నూనె వద్దు, తడి వద్దు. సెట్టు తెచ్చేటప్పుడు వైర్లు కూడా తెండి.

ఇది జరిగిన వారంలోనే నేను ఆ షాపుకు వెళ్ళాను. పాత తెల్ల పిన్నును కాగితంలో చుట్టి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. మాజీ అధ్యక్షుడు దాన్ని విప్పనైనా విప్పలేదు. బాగైంది గదా, ఇంకేం కావాలప్పా అని ఫోన్ ఎత్తుకున్నాడు. ఇంకోసారి వెళితే లేడన్నారు, లోపల ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. నా చెవులు కూడా బాగానే ఉన్నాయి.

కాబట్టి ఇక్కడ, అందరూ చదివే చోట అడుగుతున్నాను. అయ్యా, రెండు కొసలు, నడమ రాగి అన్నారు మీరు. ఆ కొసల గురించే నేను ఆ రోజు చెప్పాలనుకున్నది. అది పోనివ్వండి. సెట్టును పరీక్షించారు, ఒప్పుకుంటాను. ఆయన చెవిని ఏ పరీక్ష చేసి, పోయిందని చెప్పారు? ఆ ఒక్క మాటతో ఒక శిల్పి ఉలి కింద పెట్టబోయాడు. దీనికి సమాధానం కావాలి. నాకు చెప్పకపోయినా ఫరవాలేదు, అలవాటైంది. ఆళ్ళగడ్డకు వెళ్ళి ఆయనకు చెప్పండి. ఏ పక్క నిలబడి చెప్పినా ఆయనకు వినిపిస్తుంది.